నాలుగు వందల తొమ్మిది సార్లు వద్దు

పరికరాల విభాగం,
మూడో బల్ల.

ప్రత్యేక పాఠశాల ఐదో గది టీచరు గారికి నమస్కరించి వ్రాయునది.

తమ గదిలోని ఒక విద్యార్థిని కోసం మా విభాగం ‘మాటల పలక’ ఒకటి అందజేసింది. బొమ్మ మీద వేలు పెడితే మాట పలుకుతుంది. నంబరు పదిహేడు. ఈ పలక ఏయే మాటలు ఎన్నిసార్లు పలికిందో ప్రతి శనివారం తనంతట తానే మాకు నివేదిక పంపుతుందని తమకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే ఇప్పుడు తెలిసింది.

గత వారం పలక పలికిన మాటలు మొత్తం 412. అందులో ‘వద్దు’ 409. మిగతావి మూడు. పలకలో మేము నూట ఇరవై మాటలు పెట్టాం. ఏనుగు ఉంది, ఇంద్రధనుస్సు ఉంది, ధన్యవాదాలు ఉంది. ఇన్ని ఉండగా ఒకే మాట అన్నిసార్లు రావడాన్నిబట్టి ‘వద్దు’ మీట ఇరుక్కుపోయిందని ఈ కార్యాలయం నిర్ధారణకు వచ్చింది. దయచేసి మెత్తటి పొడిగుడ్డతో మీట చుట్టూ తుడిచి, ఫలితం తెలియజేయగలరు.

ఇట్లు,
తమ జవాబు కోసం ఫైలు తెరిచి ఉంచిన
మూడో బల్ల గుమస్తా.

తా.క. పలకకు మీటలు లేవనీ, ముందంతా అద్దమేననీ నాకు తెలుసు. ‘మీట చుట్టూ తుడవండి’ అన్న వాక్యం జవాబు కాగితంలో ముందే అచ్చయి ఉంది. కొట్టేయాలంటే పై సంతకం కావాలి.

•

మూడో బల్ల గారికి,

ఐదో గది టీచరు నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. పొడిగుడ్డతో తుడిచాను. పలక తళతళలాడుతోంది. ఏదీ ఇరుక్కోలేదు. ఆ పిల్ల నిజంగానే వద్దంటోంది.

కొంచెం వివరంగా చెప్పాలి. ఆమెకు తొమ్మిదేళ్ళు. చక్రాల కుర్చీలో ఉంటుంది. చెవులు చక్కగా వినిపిస్తాయి, బుర్ర పాదరసం, నోట మాట మాత్రం రాదు. ఎడమ గుప్పిట్లో ఏది చిక్కినా వదలదు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే చెప్పిన మాట వింటుంది. ఇన్నేళ్ళుగా ఎవరో ఒకరు ఆమె నోట్లో చెంచా పెడుతున్నారు, తల దువ్వుతున్నారు, గాలి వస్తుందని కుర్చీని కిటికీ దగ్గరికి తోస్తున్నారు, ఎండ వస్తోందని మళ్ళీ లోపలికి లాగుతున్నారు. అందరూ మంచివాళ్ళే, వాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ ఎవరమూ ఆమెను అడగలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా. ఆ మాట కట్టినవాడికి నోరు బాగానే ఉండి ఉంటుంది.

పలక వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం ‘వద్దు’ బొమ్మ ఆమె వేలికి తగిలింది. వార్తలు చదివే ఆవిడ గొంతుతో పలక “వద్దు” అంది. మా ఆయా చేతిలోని చెంచా దారిలోనే ఆగిపోయింది. పిల్ల చెంచా వంక చూసింది, ఆయా వంక చూసింది, మళ్ళీ నొక్కింది. చెంచా వెనక్కి వెళ్ళింది. అప్పుడు ఆ పిల్ల మొహం మీరు చూసి ఉండాల్సింది. తొమ్మిదేళ్ళ వద్దులు లోపల పేరుకుపోయి ఉన్నాయి, ఇప్పుడు వరస కట్టి బయటికి వస్తున్నాయి. ఆయా ఆమెకు ‘జడ్జిగారు’ అని పేరు పెట్టింది.

వాళ్ళమ్మ ఆరేళ్ళుగా కడుతున్న ఎర్ర రిబ్బను కట్టబోతే దానికీ వద్దంది. వాళ్ళమ్మ కాసేపు రిబ్బను పట్టుకుని అలాగే నిలబడి, కళ్ళు తుడుచుకుని, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా “మా అమ్మాయి నాకు ఎదురు చెప్పింది” అని చెప్పి వచ్చింది.

కాబట్టి 409 సరైన అంకే. బాగు చేయాల్సిందేమీ లేదు.

ఇట్లు,
ఐదో గదిలో రోజూ తీర్పులు వింటున్న
టీచరు.

తా.క. మిగతా మూడు మాటల లెక్క కూడా రాస్తాను. ‘నీళ్ళు’ మా హెడ్మాస్టరు గారి మోచెయ్యి తగిలి వచ్చింది. ‘ఏనుగు’ రెండుసార్లూ నేనే నొక్కాను, ఆ వార్తలావిడ ఎలా పలుకుతుందోనని. బాగానే పలికింది.

•

ఐదో గది టీచరు గారికి నమస్కరించి వ్రాయునది.

తమ వివరణ అందింది, కృతజ్ఞతలు. ‘ఆ పిల్ల నిజంగానే వద్దంటోంది’ అన్న తమ వాక్యం కింద గీత గీసి పై అధికారి గారికి పంపాను. మా పట్టికలో ‘వాడుకరి పరికరాన్ని వద్దన్నారా’ అని ఒక గడి ఉంది. ఒక్కసారి అన్నా అందులో టిక్కు పెట్టాలి. తమ విద్యార్థిని 409 సార్లు అన్నది. ఇంత గట్టిగా వద్దన్న వాడుకరి ఈ విభాగం చరిత్రలో లేరని పై అధికారి గారు అన్నారు.

కనుక నంబరు పదిహేడు పలకను వాపసు తీసుకోవడానికి ఫైలు ప్రారంభమైంది. తమ విద్యార్థినికి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. అందరికీ అన్నీ నప్పవు. ఇష్టంలేనివారికి ఇలాంటివి ఇవ్వడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే అని కూడా పై అధికారి గారు రాయమన్నారు.

ఇట్లు,
చింతిస్తున్న విభాగం తరఫున
మూడో బల్ల గుమస్తా.

తా.క. జవాబు ఆలస్యమైంది, మన్నించాలి. రెండో బల్ల ఆయన నడుం నొప్పని తన ఫైళ్ళు నా బల్ల మీద పెట్టారు. నొప్పి ఫైళ్ళతో పాటే తగ్గింది. ఫైళ్ళు మాత్రం వెనక్కి వెళ్ళలేదు.

•

మూడో బల్ల గారికి,

నమస్కారం. మీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి మధ్యలో కూర్చున్నాను.

అయ్యా, ఆ పిల్ల పలకను వద్దనలేదు. పలకతో వద్దంది. చెంచాను వద్దంది, రిబ్బనును వద్దంది, కిటికీ దగ్గర ఎండను వద్దంది. వ్యాయామం టీచరు “ఈల వేస్తే ఎవరు పరిగెడతారు” అని అడిగితే వద్దంది, అది న్యాయమే. మంగళవారం ప్రార్థనలో హెడ్మాస్టరు గారి ఉపన్యాసం పావుగంట దాటగానే వద్దంది. అది అందరి తరఫునా అంది. ఆ గొంతు విని ఆయన పై నుంచి ఎవరో వచ్చారనుకుని ముగించేశారు.

ఆ 409లో 38 వద్దులు దేనికో చెప్తాను వినండి. సాయంత్రం ఛార్జింగు పెట్టడానికి ఆమె ముందు నుంచి పలకను తీయబోయినప్పుడల్లా అన్నవి అవి. పలక అక్కర్లేని పిల్ల ‘పలక తీసుకెళ్ళొద్దు’ అని ముప్పై ఎనిమిది సార్లు అంటుందా? మీరే ఆలోచించండి. వాపసు ఆపించండి. ఆ పలక వెళ్ళిపోతే మళ్ళీ చెంచా తిన్నగా నోట్లోకి వస్తుంది, అడిగేవాళ్ళు ఉండరు. నేను కూడా అడగను, నాకు ఇంకా పదకొండు మంది పిల్లలున్నారు. నా సంగతి నాకు తెలుసు కాబట్టే భయపడుతున్నాను.

ఇట్లు,
ప్రాధేయపడే అలవాటు లేకపోయినా ప్రాధేయపడుతున్న
ఐదో గది టీచరు.

తా.క. మా పక్క గదిలో చెవిటి పిల్లలున్నారు. మీ అధికారి గారి సామెత చూశాక పరీక్షించాలనిపించింది. శంఖం దొరక్క డోలుతో ప్రయత్నించాం. పిల్లలు డోలు మీద అరచేతులు ఆనించి ఆ అదురును చక్కగా విన్నారు, ఇంకోసారి వాయించమన్నారు. సామెతను సవరించుకోవచ్చని వారికి మనవి చేయండి.

•

ఐదో గది టీచరు గారికి నమస్కరించి వ్రాయునది.

తమ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి గుమస్తాగా, రెండోసారి మామూలుగా. రెండోసారి బాగా అర్థమైంది.

అయితే ఫైలు కదిలాక ఆపడం నా చేతిలో లేదు. ఆపాలంటే ‘వాడుకరికి పరికరం కావలెనా’ అన్న గడి నిండాలి. దానికి వాడుకరి స్వయంగా, అదే పరికరంలో, ‘అవును’ అని ఒక్కసారి నొక్కాలి. నివేదికలన్నీ తిరగేశాను. తమ విద్యార్థిని ఇంతవరకు ‘అవును’ ఒక్కసారి కూడా అనలేదు. ఒక్కటంటే ఒక్కటి చాలు. ఎలాగైనా ఒకటి వచ్చేలా చూడండి.

ఇంకొక శుభవార్త. మా సలహాదారు గారు తమ నివేదిక చూసి, పిల్లల్లో సానుకూల పదజాలం పెరగాలని సూచించారు. కనుక ‘వద్దు’ బొమ్మను కాస్త చిన్నది చేసి, రెండో పేజీ కింది వరుస ఎడమ మూలకు మార్చాం. మొదటి పేజీలో దాని చోటున ‘శుభరాత్రి’ పెట్టాం. ఇక్కడి నుంచే మార్చవచ్చు, తమరు ఏమీ చేయనక్కర్లేదు. ఈ సోమవారం నుంచి అమలు.

ఇట్లు,
సానుకూలంగా
మూడో బల్ల గుమస్తా.

తా.క. నాలుగో బల్ల ఆవిడ పనులు కూడా ఇప్పుడు నావే. “మీరు చేస్తారు కదా” అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా “థ్యాంక్స్” అన్నారు.

•

మూడో బల్ల గారికి,

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని వింటూ ఉండేదాన్ని. సోమవారం కళ్ళారా చూశాను.

మీ ఇంటికి వెళ్ళి వంటింట్లో ఉప్పు డబ్బా ఉన్నచోట చక్కెర పెట్టి, ఉప్పును అటక మీద పెట్టండి. ఇంట్లోవాళ్ళు ఏమంటారో విని, అప్పుడు ఈ ఉత్తరం మిగతాది చదవండి.

పొద్దున ఆయా చెంచా తెచ్చింది. పిల్ల ఎప్పటి చోటే నొక్కింది. వార్తలు చదివే ఆవిడ “శుభరాత్రి” అంది. ఆయా నవ్వి చెంచా నోట్లో పెట్టింది. పిల్ల మళ్ళీ నొక్కింది, ఆయా మళ్ళీ పెట్టింది. ఆ తర్వాత ఆ పిల్ల ఆ ఒక్క వేలితో నలభై నిమిషాలు వెతికింది. నేను చూపించబోతే నా చెయ్యి నెట్టేసింది. చివరికి రెండో పేజీలో దొరకబుచ్చుకుని ఒక్కసారి నొక్కింది, అప్పటికే భోజనం అయిపోయింది.

అయినా ఆమె ఊరుకునే రకం కాదు. ప్రతిసారీ రెండో పేజీ దాకా వెళ్ళడం కష్టమని వేరే దారులు కనిపెట్టింది. లెక్కలు నచ్చకపోతే ‘బాత్రూమ్’ అంటుంది. పదకొండుసార్లు తీసుకెళ్ళాం, పదకొండుసార్లూ కారిడార్లో గాలి పీల్చుకుని వచ్చాం. చెంచాను చూసి ‘ధన్యవాదాలు’ అంటుంది, అంటే ఇక చాలని. వచ్చినవాళ్ళు నచ్చకపోతే ‘శుభరాత్రి’ అంటుంది. బుధవారం ఉదయం పది గంటలకు వ్యాయామం టీచరుకు వరసగా ఆరుసార్లు శుభరాత్రి చెప్పింది. ఆయన వెళ్ళిపోయాడు.

ఇక ‘అవును’ సంగతి. మీరు రాసింది అర్థమైంది, మీ మంచితనమూ అర్థమైంది. ఆ వేలు పట్టుకుని ‘అవును’ మీద పెట్టడం నాకు అర నిమిషం పని. నిన్న సాయంత్రం పట్టుకున్నాను కూడా. పిల్ల నా మొహంలోకి చూసింది. వదిలేశాను. ఆమె చేత ఆమెది కాని మాట అనిపించడం మొదలుపెడితే ఆ పలక నాది అవుతుంది, ఆమెది కాదు. ఆమె తనంతట తాను అంటే అంటుంది, లేదంటే లేదు. దయచేసి ‘వద్దు’ను దాని చోట పెట్టించండి.

ఇట్లు,
ఉదయం నుంచి నాలుగుసార్లు శుభరాత్రి చెప్పించుకున్న
ఐదో గది టీచరు.

తా.క. పక్క బల్లల పనులన్నీ మీ మీదికే వస్తున్నాయన్నారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధవుతుందని ఊరికే అనలేదు. మీకు నోరుంది కదా? అది పనిచేయకపోతే చెప్పండి. చూపుడు వేలు ఆడితే చాలు, మా గదిలో నేర్పిస్తాం.

•

ఐదో గది టీచరు గారికి నమస్కరించి వ్రాయునది.

విభాగం తరఫున అభినందనలు. ఈ వారం నివేదికలో తమ విద్యార్థిని ఇరవై మూడు వేర్వేరు మాటలు వాడింది. ‘ధన్యవాదాలు’ 64. ఇంత మర్యాద మరే పలకలోనూ కనిపించలేదని సలహాదారు గారు మురిసిపోయారు. ‘వద్దు’ 409 నుంచి 9కి దిగింది. బొమ్మ మార్చడం వల్లే ఇంత ప్రగతి అని పెద్ద నివేదికలో రాయించారు. ‘శుభరాత్రి’ 87 సార్లు, అన్నీ పగటిపూటే కనుక పలకలో గడియారం తప్పుగా ఉండవచ్చని ఒక మరమ్మతు కాగితం కూడా పుట్టింది.

మీ ఉత్తరంలోని సంగతులు చెప్పబోయాను. అంకెలు బాగున్నప్పుడు మధ్యలో మాట్లాడకూడదన్నారు.

‘అవును’ రాలేదు కనుక వాపసు ఫైలు దాని దారిన అది నడిచింది. సోమవారం పదకొండు గంటలకు పలకను తీసుకోవడానికి మనిషి వస్తారు. ఆ మనిషిని నేనే. వెళ్ళాల్సిన ఆయనకు ఆ రోజు వేరే పని ఉందట.

ఇట్లు,
మూడో బల్ల గుమస్తా.
(రెండో, నాలుగో, ఐదో బల్లలు కూడా.)

తా.క. మీరు చెప్పినట్టు ఇంట్లో ఉప్పు డబ్బా మార్చి చూశాను. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది, అదింకా కష్టంగా ఉంది. చక్కెర దాని చోటికి వెళ్ళిపోయింది.

•

మూడో బల్ల గారికి,

నమస్కారం. ఇది కోపంతో రాస్తున్న ఉత్తరం కాదు. కోపం సోమవారం సాయంత్రమే అయిపోయింది. జరిగింది జరిగినట్టు ఎక్కడో ఒకచోట ఉండాలని రాస్తున్నాను.

మీరు పదకొండుకు ఐదు నిమిషాల ముందే వచ్చారు. గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడ్డారు. ఫారం నాకు ఇస్తారనుకున్నాను. మీరు పిల్ల కుర్చీ ముందు కింద కూర్చుని, మొత్తం ఫారాన్ని మొదటి అక్షరం నుంచి ఆమెకు చదివి వినిపించారు. ఏ కాగితమైనా ఆమెకు చదివి వినిపించిన మొదటి మనిషి మీరే. ఆ మాట నేను మరిచిపోను.

పిల్ల మొదట మీకు శుభరాత్రి చెప్పింది. మీరు కదల్లేదు. అప్పుడు రెండో పేజీకి వెళ్ళింది. మీరు ఆగారు, నేను ఆగాను, ఆయా తుడుస్తున్న బల్లను తుడుస్తూ ఉండిపోయింది. కింది వరుస, ఎడమ మూల. “వద్దు.” గోడ గడియారంలో పదకొండూ ఐదు. మీరు “సరేనమ్మా” అన్నారు. అని, పలక తీసుకుని వెళ్ళిపోయారు.

మీరు వెళ్ళాక చాలాసేపు ఆ పిల్ల ఒళ్ళోని ఖాళీ చోటును వేలితో నొక్కుతూనే ఉంది. ముందు ఎప్పటి చోట, తర్వాత కింద, ఎడమ మూలన. నాకు ఏడుపు ఆగలేదు, బయటికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

మంగళవారం భోజనం దగ్గర ఆయా చెయ్యి కొరికింది. నిన్న నా మణికట్టు. మాట పోయాక పళ్ళు మిగిలాయి. హెడ్మాస్టరు గారు దీన్ని ‘ప్రవర్తనా సమస్య’ అని రిజిస్టరులో ఎక్కించమన్నారు. ఎక్కించలేదు. ఇది ‘వద్దు’ అని నాకు తెలుసు, ఇంతకుముందు 409 సార్లు విన్నాను. వాళ్ళమ్మ రిబ్బను సంచిలోనే పెట్టుకుని తిరుగుతోంది, కట్టడం లేదు. అడిగితే ఏమంటుందో తెలిసినప్పుడు కట్టబుద్ధి కావడం లేదంటోంది.

అంతే. ఇంకేమీ అడగడం లేదు.

ఇట్లు,
ఐదో గది టీచరు.

తా.క. ఫారం చదువుతున్నప్పుడు మీ పెన్ను ఆమె ఎడమ గుప్పిట్లో చిక్కుకున్నట్టుంది. ఇవ్వడం లేదు. నిద్రపోయాక తీసి పంపమని ఆయా అంటోంది. నేను వద్దన్నాను.

•

మూడో బల్ల.

ఐదో గది టీచరు గారికి,

మీ ఉత్తరం పై అధికారి గారికి చూపించలేదు, ఫైల్లో పెట్టలేదు. జేబులో పెట్టుకుని ఆఫీసులో తిరిగాను. “సరేనమ్మా” అన్న చోటు వచ్చినప్పుడల్లా చదవడం ఆపి కిటికీ బయటికి చూశాను. నాకు ఆ మాట ఒక్కటే వచ్చు. ఇరవై రెండేళ్ళుగా అందరికీ అదే అంటున్నాను. ఎదుటివాళ్ళకు మేలు చేస్తున్నప్పుడూ అదే, కీడు చేస్తున్నప్పుడూ అదే.

శుక్రవారం పదకొండు గంటలకు సమావేశం జరిగింది. పై అధికారి గారు, సలహాదారు గారు, మొదటి బల్ల ఆయన, నేను. బల్ల మధ్యలో పలక నంబరు పదిహేడు. రెండు ఉత్తర్వులు సంతకానికి సిద్ధంగా ఉన్నాయి. మొదటిది, ఆ పలకను శాశ్వతంగా వాపసు తీసుకోవడం. రెండోది, తమ గదిలో సాధించిన ప్రగతి దృష్ట్యా మొత్తం నలభై పలకల్లోంచీ ‘వద్దు’ను పూర్తిగా తీసేయడం. రెండూ టైపు చేసింది నేనే.

పై అధికారి గారు పెన్ను మూత తీసి, ఎవరి వంకా చూడకుండా, “ఎవరికీ అభ్యంతరం లేదు కదా” అన్నారు. ప్రతి సమావేశం చివరా ఆయన ఆ మాట అంటారు. అది ప్రశ్న అని నాకు ఆ రోజే తెలిసింది.

నోరు తెరిచాను. మాట రాలేదు. ఊరికే అనడం లేదండీ, నిజంగానే రాలేదు. గొంతు దాకా వచ్చి అక్కడ కూర్చుంది. పెన్ను కాగితానికి తగలబోతోంది. ఎదురుగా పలక ఉంది. మీరు తా.క.లో రాసింది గుర్తొచ్చింది. చెయ్యి చాపాను. రెండో పేజీ, కింది వరుస, ఎడమ మూల. ఆ పాప నలభై నిమిషాలు వెతికింది. నాకు రెండు క్షణాలు పట్టింది, అక్కడ పెట్టింది నేనే కాబట్టి.

“వద్దు” అంది వార్తలు చదివే ఆవిడ.

పెన్ను ఆగింది. పై అధికారి గారు పలక వంక చూసి, “ఎవరది” అన్నారు. “నేనేనండీ” అన్నాను. అనేసరికి గొంతు తెరుచుకుంది. ఇక ఆగలేదు. వాపసు నిబంధనల్లో పద్నాలుగోది చదివాను. ఫారం వాడుకరికి చదివి వినిపించాక వాడుకరి అభ్యంతరం చెప్తే వాపసు అంతటితో ఆగిపోవాలి. తర్వాత పోయిన శనివారం పలక పంపిన నివేదిక చదివాను. సోమవారం, పదకొండు గంటల ఐదు నిమిషాలు, మాట ‘వద్దు’. ఇంతకంటే స్పష్టమైన అభ్యంతరం మన ఫైళ్ళలో ఉంటే చూపించమన్నాను.

మొదటి బల్ల ఆయన, ఈ నిబంధన ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎవరూ వాడుకోలేదెందుకని అడిగారు. అభ్యంతరం చెప్పే పరికరాన్ని మనం ముందే పట్టుకొచ్చేసేవాళ్ళం కదండీ అన్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని అర్ధాంగీకారంగా రాసుకున్నాను. మిగతా సగం కోసం రెండు ఉత్తర్వులూ ఆయన ముందు నుంచి తీసేశాను.

సోమవారం పదకొండుకు పలకను తీసుకుని నేనే వస్తాను. ఈసారి ఎవరూ పంపడం లేదు. ‘వద్దు’ మొదటి పేజీలో, ఎప్పటి చోట, మునుపటి కంటే వేలెడు పెద్దగా ఉంటుంది. మిగతా ముప్పై తొమ్మిది పలకల్లో కూడా అంతే. ‘శుభరాత్రి’ని తీసేద్దామనుకున్నాను కానీ అది కూడా ఆమె సంపాదించుకున్న మాటే కనుక పక్కనే ఉంచాను. ‘అవును’ గడి ఖాళీగానే ఉంది. ఎన్నాళ్ళైనా అలాగే ఉండనివ్వండి.

ఇట్లు,
ఒక్క బల్ల మాత్రమే ఉన్న
మూడో బల్ల గుమస్తా.

తా.క. పెన్ను అడగకండి.

మ.తా.క. ఈ వారం పలక మీ గదిలో లేకపోయినా నివేదికలో ‘వద్దు’ ఆరు అని చూపిస్తుంది. ఒకటి సమావేశంలోది. మిగతా ఐదూ ఆ మధ్యాహ్నం పక్క బల్లలవాళ్ళు ఫైళ్ళు పట్టుకుని వచ్చినప్పటివి. వాటిలో మొదటి నాలుగు పలకతో అన్నాను, ఐదోది పలికింది నేనేనట. అలవాటుగా వేలు కూడా నొక్కేసింది. దయచేసి ఆ ఆరింటినీ పాప లెక్కలో కలపకండి. అవి నావి.